కొమ్ములు చెక్కిన కొత్త ఫోను

పన్నెండేళ్లుగా నేను ఒకే ఫోను అమ్ముతున్నాను.

ఆదోని స్టేషను రోడ్డులో నాకో చిన్న సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఏడాదికోసారి కంపెనీ మనిషి ఇన్‌షర్టు వేసుకుని, ఎండకు చెమటలు కక్కుతూ వస్తాడు. కొత్త మోడలు అంటాడు. డబ్బా తెరిచి, పురిటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో బయటికి తీస్తాడు. చూస్తే పోయినేడాదిదే. నిలువుగా ఉండే కెమెరాలు అడ్డంగా పడుకుని ఉంటాయి. గుండ్రంగా ఉండే అంచులు పలకగా ఉంటాయి. అంతకు రెండేళ్ల ముందు పలకగానే ఉండేవి, అవి పాతబడ్డాయనే కదా గుండ్రం చేశారు! రంగుకు మాత్రం ఏటా నోరు తిరగని పేరొకటి పెడతారు. మా ఆదోనిలో దాన్ని బూడిద రంగు అంటారు.

డబ్బాలోంచి ఛార్జరు తీసేసిన ఏడాది కూడా ఆయన అదే నవ్వుతో వచ్చాడు. ఛార్జరు లేకపోతే భూమికి మేలట. అట్లయితే ఫోను కూడా తీసేసి ఉత్త డబ్బా అమ్మితే ఇంకా మేలు కదా అన్నాను. ఆయన నవ్వకుండా తలూపాడు. ఆ మాట పైవాళ్లకు చేరవేశాడేమోనని నాకు ఇప్పటికీ భయమే.

మొదట్లో ఇట్లా ఉండేది కాదు. బటన్లు పోయి ఒట్టి అద్దం మిగిలిన రోజుల్లో పత్తి మార్కెట్ యార్డు నుంచి హమాలీలు, జిన్నింగు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు తలలో దూది కూడా దులుపుకోకుండా దుకాణానికి వచ్చేవాళ్లు. కొనడానికి కాదు, వేలితో ఒకసారి జరిపి చూడడానికి. బొమ్మ వేలి వెంట జారితే గట్టిగా నవ్వేవాళ్లు. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో! ఇప్పుడు కొత్త ఫోను చేతిలో పెడితే ఎవరూ నవ్వరు. తమ జేబులోది తీసి పక్కన పెట్టి, దీనికీ దానికీ ఏం తేడా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మొహం చెదరకుండా జవాబు చెప్పడమే నా బతుకుతెరువు. కాస్త పల్చన, కాస్త వేగం, మసక వెలుతురులో ఫోటో కాస్త తెలుపు. ఈ 'కాస్త' అనే మాట తెలుగులో లేకపోయి ఉంటే నా దుకాణానికి ఎప్పుడో తాళం పడేది.

ఊళ్లోవాళ్లను ఎగతాళి చేసి నేను తప్పించుకోవడం లేదు. అమ్మేవాడి చేతిలోనే పాతది ఉంటే కొత్తది ఎవరు కొంటారని ఏటా నేనూ మారుస్తాను. మార్చిన మొదటి వారం రోజులు నా కోతలు నేనే నమ్ముతాను.

నమ్మని మనిషి ఇంట్లోనే ఉన్నాడు, మా నాయన. ఆయన ఎద్దుల దళారి. నలభై ఏళ్లుగా ఎమ్మిగనూరు సంతలో రైతుల తరఫున ఎద్దులను చూసి, బేరం చేసి ఇప్పిస్తాడు. ఆ సంతలో బేరం నోటితో జరగదు. ఇద్దరూ చేతుల మీద టవలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి ఏమీ తెలియదు. నమ్మకం లేని మనిషి టవలు కింద ఎవరూ చేయి పెట్టరు. మా నాయన టవలుకు పని లేని సంత నాకు తెలిసి ఒక్కటి కూడా ఉండేది కాదు.

ఏటా కొత్త ఫోను ఆయనకు చూపించడం నాకొక పిచ్చి. ఆయన మంచం మీద కూర్చుని దాన్ని వెనక్కి తిప్పుతాడు. ఎద్దు నోరు తెరిచి వయసు చెప్పే మనిషి కదా, కెమెరాలు లెక్కపెడతాడు.

“పోయినేడు రెండు పండ్లు, ఈయేడు మూడు పండ్లు. వయసొస్తాంది దీనికి, అంతే” అంటాడు.

సంతలో ముసలి ఎద్దును అంటగట్టాలంటే దాని కొమ్ములను గాజుపెంకుతో చెక్కి నునుపు చేసి, నూనె పట్టించి, కొనలకు రంగు కుచ్చులు కట్టి నిలబెడతారు. దూరం నుంచి చూస్తే కోడెలా మెరుస్తుంది. పలక అంచుల ఫోను తెచ్చిన ఏడాది మా నాయన ఆ అంచును బొటనవేలితో తడిమి, కొమ్ములు చెక్కినారప్పా అని నా చేతికి తిరిగిచ్చేశాడు. నాకు ఒళ్లు మండింది. కంపెనీ వాళ్లు గంటసేపు తెర మీద చెప్పిన సంగతికి ఈయన రెండు ముక్కల్లో పాడె కట్టేశాడు. పైగా ఆ మాట నిజం.

పోయినేడాది మాత్రం ఆయన నోరు మూయించే సరుకు దొరికిందనుకున్నాను. ఆ ఏడాది ఫోనులో చెరిపే విద్య ఒకటి పెట్టారు. ఫోటోలో అక్కర్లేనిదాని చుట్టూ వేలితో గీత గీస్తే చాలు, అది మాయమైపోతుంది. ఆ చోట ఏముండాలో ఫోనే ఊహించుకుని నింపేస్తుంది. కంపెనీ మనిషి నా దుకాణం ఫోటో తీసి, ముందు నిలబడ్డ ఆటోను చెరిపి చూపించాడు. ఆదోనిలో అడ్డంగా నిలబెట్టిన ఆటోను పోలీసులే తీయించలేరు, ఇది తీసేసింది. నేను నోరెళ్లబెట్టాను. ఇన్నేళ్లకు ఒక కొత్త వస్తువు!

వారం రోజులు కనిపించినవన్నీ చెరిపాను. కరెంటు తీగలు, చెత్తకుప్పలు, మా దుకాణం మీద పగిలిన బోర్డు. పెళ్లి ఫోటోలోంచి మా బావమరిదిని చెరిపాను. దాంతో రెండు రోజులు ఇంట్లో నాకు కాఫీ పుట్టలేదు.

సరిగ్గా అప్పుడే మా నాయన కాలు విరిగింది. బస్సు మెట్టు మీద జారి పడ్డాడు. పాదం నుంచి మోకాలి దాకా కట్టు కట్టి, నెలన్నర కదలకూడదన్నారు. ఆ కట్టు కట్టిన నాలుగో రోజే సి.బెళగల్ వైపు పల్లె నుంచి ఒకామె ఫోను చేసింది. భర్త పోయినప్పటి నుంచి తన నల్లరేగడి చేను తనే చేసుకుంటున్న మనిషి. మా నాయనను అన్నా అని పిలుస్తుంది. ఆమె చేలో ఇంతవరకు నడిచిన ఎద్దులన్నీ మా నాయన చూసి ఇప్పించినవే. ఇప్పుడు జతలో ఒకటి జబ్బు చేసి చనిపోయింది. వాన పడింది, పదును దొరికింది, అద్దె ట్రాక్టరుతో పత్తి విత్తనం వేస్తోంది. కానీ మొలక లేచాక సాళ్ల మధ్య కలుపు తీయడానికి ట్రాక్టరు దిగదు. గుంటక కట్టి ఎద్దులతో తోలాల్సిందే. ఒంటెద్దుతో ఆమె ఏం చేస్తుంది? విత్తనం వదిలి సంతకు రావడానికి వీల్లేదు. ఎప్పట్లాగే నువ్వే చూసి పంపు అన్నా అని చెప్పింది.

మా నాయన ఆమెను ఆరు సంతలు ఆగమన్నాడు. కట్టు విప్పగానే తనే పోతానన్నాడు. ఆగితే కలుపు పెరిగిపోతుందని ఆమె గొంతులో తెలుస్తూనే ఉంది. నేను మధ్యలో దూరాను. ఇంత ఫోను ఇంట్లో పెట్టుకుని ఆరు సంతలు ఆగడమేమిటి, నేను పోయి ఎద్దును వీడియోలో చూపిస్తాను, నువ్వు మంచం మీద నుంచే చూసి చెప్పు అన్నాను. ఆయన ఇష్టపడలేదు. నేను వదల్లేదు. నా ఫోనుకు పట్టాభిషేకం జరిగే రోజు వచ్చిందని నా సంబరం నాది.

ఎమ్మిగనూరు సంతలో పాల తెలుపు ఎద్దు ఒకటి దొరికింది. నాలుగు పళ్లు, మంచి పడుచు వయసు. సరిహద్దు అవతల నుంచి తోలుకొచ్చిన మనిషి, తెలుగులో సగం కన్నడం కలిపి మాట్లాడుతున్నాడు. ఎద్దు నిలబడిన తీరు నాకే ముచ్చటేసింది. నేను ఇంటికి వీడియో కాల్ చేశాను. ఫోను మీద పైన గొప్పగా సిగ్నలు గీతలన్నీ నిండి ఉన్నాయి, కింద మా నాయన మొహం మాత్రం నోరు తెరుచుకుని ఆగిపోయింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే నోరు. పన్నెండేళ్లలో కెమెరాలు ఒకటి నుంచి నాలుగయ్యాయి, చంద్రుడి మీది గుంతలు కూడా తీస్తాయట. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఒక మాట తిన్నగా పోయే దారి మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

సరే, ఫోటోలు తీశాను. పళ్లు, గిట్టలు, తోక, మూపురం, మెడ. మెడ ఫోటో బాగా రాలేదు. ఈగలు. సంతలో ఈగలు ఉండవా మరి? కానీ మెడ మీద అరచేతి మేర గుంపుగా వాలి, మల్లెపూవులాంటి ఎద్దును చూడ్డానికి రోతగా చేస్తున్నాయి. తోలితే లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. నాకు నా విద్య గుర్తొచ్చింది. వాటి చుట్టూ గీత గీశాను. ఈగలు పోయాయి. తెల్లటి నున్నటి తోలు వచ్చింది. ఆ ఫోటో చూసుకుని నేను పడిన గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చస్తాను.

సంత గేటు బయటికి పోయి ఫోటోలన్నీ ఇంటికి పంపించాను, అక్కడ మామూలు కాల్ కలిసింది. ఫోటోలు అందాయన్నాడు మా నాయన. ఒక్కొక్కటి అడిగాడు. నడిపించావా? నడిపించాను. పేడ చూశావా? చూశాను.

“మెడ మింద సెయ్యేసి నొక్కి సూసినావా?”

సూసినా నాయనా అన్నాను. చూడలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను, ఎద్దు ఎక్కడ పేడ తోక విదిలిస్తుందోనని దూరంగా నిలబడి, ఫోటోను వేళ్లతో లాగి పెద్దది చేసి చూశాను. చేయి చాపితే అందే మెడను వంద రెట్ల జూమ్‌లో చూసిన మొనగాడిని నేను.

“ఒక్క ఈగ గూడ ల్యాకుండా బలే సుబ్బరంగా ఉండాదే. తీసుకో” అన్నాడు ఆయన.

మా నాయన పేరు మీద నేనే టవలు కింద చేయి పెట్టి బేరం కుదుర్చాను. ఎద్దును ట్రాలీ ఆటో ఎక్కించి ఆమె ఊరికి పంపించాను. దారిలో పెద్ద వాన.

మూడో రోజు ఉదయం ఆమె బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. కేకలేమీ వేయలేదు. మంచినీళ్లు ఇస్తే తాగి, మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పింది. వానకు ఎద్దు మెడ మీది తెలుపంతా కారిపోయిందట. తీరా చూస్తే ముగ్గుపిండి. దాని కింద కాడి రాసుకుని రాసుకుని పడిన పుండు, లోపల పురుగులు. కాడి దగ్గరికి తెస్తేనే వణికి మోకాళ్ల మీద కూలబడుతోందట. సాళ్లలో కలుపు అప్పుడే వేలెడంత లేచిందట.

“నేను దాన్ని సూడలేదన్నా. నీ మాట సూసుకోని తీసుకుంటి” అంది.

మా నాయన నన్ను చూడలేదు. నా ఫోను అడిగాడు. మెడ ఫోటో తీసి చాలాసేపు చూశాడు. పుండు ఉన్న ఎద్దు మీద ఈగ వాలకుండా ఎట్లా ఉంటుందో ఆయనకు అర్థం కావడం లేదు. నలభై ఏళ్ల కన్ను తనను మోసం చేసిందేమో, ముసలితనం వచ్చేసిందేమో అన్న అనుమానం ఆయన మొహంలో కనిపించింది. అది చూసి తట్టుకోలేక చెప్పేశాను. ఈగలు ఉన్నాయనీ, ఫోటో బాగుండాలని నేనే తీసేశాననీ.

ఆ ఫోనులో ఇంకో మీట ఉంది. అది నొక్కితే చెరిపినవన్నీ వెనక్కి వస్తాయి. నొక్కాను. ఈగలు తిరిగి వచ్చి మెడ మీద నల్లగా వాలాయి. మా నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేలు సరిగ్గా వాటి మీద పెట్టాడు.

“ఈడ. ముగ్గుపిండి పూసి వాడు మనుసులకు దాసినాడు. ఈగలు సెప్పినాయి. నువ్వు వాటి నోరు మూసినావు.”

నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందంటే, ఆ ఫోనును గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, వాయిదాలు ఇంకా మిగిలి ఉన్నాయి. నా కోపం కూడా ఆ పాటిదే.

అమ్మిన మనిషి కోసం కబురు పంపితే, అవతలి రాష్ట్రంలో ఏ ఊరో కూడా ఎవరికీ తెలియదు. మా ఇంటి వెనక కొట్టంలో మా నాయన సొంత ఎద్దు ఒకటి ఉండేది. దూడగా ఉన్నప్పుడు తెచ్చి పెంచుకున్నాడు. ఎవరడిగినా అమ్మేది కాదనేవాడు. కట్టు కాలితో గోడ పట్టుకుని కుంటుతూ పోయి, ఆయనే దాని పలుపు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. పుండు ఎద్దును తోలించుకొచ్చే ఏర్పాటు తనే చేస్తానన్నాడు. ఆమె వద్దంది. ఆయన వినలేదు. చివరికి తీసుకుంది. గడప దిగాక వెనక్కి తిరిగింది.

“యెద్దుకు యెద్దు ఇచ్చినావు అన్నా, కాదన్ను. ఇంగ మీదట ఎవురి మాట నమ్మి కొనేది నేను?”



కట్టు విప్పాక ఆయన మళ్లీ సంతకు పోయాడు. కబురు ఆయనకంటే ముందే పోయి కూర్చుంది. ఎవరూ మర్యాద తప్పలేదు. రా అన్నా, కూర్చో అన్నా అన్నారు. టీ ఇప్పించారు. కాలు ఎట్లా ఉందని అడిగారు. ఫోనులో ఎద్దు కొనే కాలం వచ్చిందంట కదా అని ఎవరో నవ్వారు. సాయంత్రం దాకా ఆయన టవలు కింద ఒక్క చేయి కూడా రాలేదు. తర్వాతి సంతలోనూ రాలేదు. ఆ పైవారం రాలేదు. ఇంటికొచ్చి టవలును మడత నలగకుండా చిలక్కొయ్యకు తగిలించేవాడు. నేను అటు చూడకుండా అన్నం తినేవాడిని.

పుండు ఎద్దును మాత్రం ఆయన బాగు చేశాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుండు కడిగి వేపనూనె, పసుపు పెట్టి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని విసనకర్రతో ఈగలు తోలేవాడు. ఏడాదికి అది నిండుగా లేచింది. మెడ మీద మాత్రం వెంట్రుక మొలవని నల్లటి మచ్చ ఒకటి మిగిలింది.

ఈ మధ్యే కంపెనీ మనిషి ఈ ఏటి మోడలు తెచ్చాడు. కెమెరాలు మళ్లీ నిలువుగా లేచి నిలబడ్డాయి. ఇంకేం మారిందని అడిగితే, పోయినేడాది ఏం చెరపాలో మనం ఫోనుకు చెప్పేవాళ్లమట, ఈ ఏడాది ఫోనే మనకు చెబుతుందట. అంతేనా అన్నాను. రంగు కూడా మారిందన్నాడు. చూశాను. బూడిద రంగే. మారుస్తానా మానుతానా? మార్చాను.

అదే వారం జొన్నగిరి వైపు రైతు ఒకాయన, మా దగ్గర బాగైన ఎద్దు ఉందని ఎవరో చెబితే విని, ముందు ఫోటో పంపమన్నాడు. ఏడాది తర్వాత మా నాయనను ఎద్దు అడిగిన మొదటి మనిషి. ఆయన పొద్దున్నే ఎద్దును కడిగి, వాకిట్లో ఎండలో నిలబెట్టి, తను పలుపు పట్టుకుని వెనక నిలబడ్డాడు. తెల్ల పంచె కట్టుకున్నాడు. టవలు మోచేతి మీద వేసుకున్నాడు.

“మచ్చ పడాల. ఈగలుంటే ఈగలు పడాల. ముందే తెల్సుకోని రానీ” అన్నాడు.

పడేట్టే తీశాను. మచ్చ పడింది, రెండు ఈగలు కూడా పడ్డాయి. బాగానే వచ్చిందనుకుంటుండగా ఫోను తనంతట తను ఒక తెల్లటి గీత గీసింది. ఈ ఫోటోలో అక్కర్లేనిది ఒకటి ఉంది, తీసేయమంటారా అని అడిగింది. మచ్చ చుట్టూ గీసిందేమోనని దగ్గరికి తీసుకుని చూశాను. మచ్చ చుట్టూ కాదు. ఈగల చుట్టూ కాదు. వెనక పలుపు పట్టుకుని నిలబడిన మా నాయన చుట్టూ, తల నుంచి చెప్పుల దాకా, ఎక్కడా తప్పకుండా గీసింది.

నేను ఫోను దించకపోవడం చూసి ఏమంటోంది ఫోను అని అడిగాడు. ఒకసారి అబద్ధం చెప్పి చూశాను కదా, ఈసారి నిజమే చెప్పాను. నిన్ను తీసేస్తే ఫోటో బాగుంటుందంటోంది నాయనా అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఎద్దు మెడ మీద వాలిన ఈగను టవలుతో తోలాడు.

“ఇందులో కొత్తేముందప్పా? సంతోల్లు పోయినేడే తీసేసినారు నన్ను” అన్నాడు.